దిండిలో రెండు రోజులు.. నాలుగు దేశాలు

దిండి అనగానే మీ ఫోన్లో వచ్చే రీల్ ఏంటో చెప్పనా? పైనుంచి డ్రోన్ షాట్. పచ్చటి కొబ్బరితోటలు, పక్కనే వశిష్ఠ గోదావరి, దాని మీద నెమ్మదిగా కదిలే హౌస్‌బోట్. కింద ‘ఆంధ్రా కేరళ’ అని క్యాప్షన్. బావుంటుంది, కాదనను. కానీ ఆ రీల్‌లో పడని దిండి ఇంకోటి ఉంది. దాన్ని నాకు చూపించింది గోదారోళ్లు కాదు. జాంజిబార్ కుర్రాడు ఒకడు, బంగ్లాదేశ్ అమ్మాయి ఒకరు, ఇథియోపియా నుంచి వచ్చిన ఓ లెక్చరర్.

ముగ్గురూ విశాఖపట్నంలో చదువుకుంటున్నారు. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం పుణ్యమా అని విశాఖకి విదేశీ విద్యార్థులు కొత్త కాదు. చాలామంది ఐసీసీఆర్ స్కాలర్‌షిప్ మీద వస్తారు. వచ్చినవాళ్లకి మనం ఏం చూపిస్తాం? సంక్రాంతికి పంచె కట్టిస్తాం, చీర కట్టిస్తాం, ముగ్గు దగ్గర నిలబెట్టి ఫొటో తీస్తాం. ఫుడ్ ఫెస్టివల్లో స్టాల్ పెట్టమంటాం. తర్వాత వాళ్లు హాస్టల్, క్లాసు, ఆర్కే బీచ్ మధ్య తిరుగుతూ రెండేళ్లు గడిపేసి విమానం ఎక్కేస్తారు. స్టూడెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు కాబట్టి పార్ట్‌టైం పనంటూ ఊరు తెలిసే వీలూ ఉండదు.

మా క్యాంపస్ ఫ్రెండ్స్ కొందరం వీళ్లకి ఇంటి అద్దె కాగితాల దగ్గర్నుంచి ఆస్పత్రి దాకా తోడు వెళుతుంటాం. ఓ రోజు జాంజిబార్ కుర్రాడు అడిగేశాడు. “నేను తిరిగెళ్లాక ఇండియాలో ఏం నేర్చుకున్నావంటే డిగ్రీ చూపించాలా? మా ఊరికి పనికొచ్చేది ఇక్కడ ఏదైనా ఉందా?” మీ ఊళ్లో ఏముంటుంది అన్నాను. “సముద్రం, లవంగాలు, కొబ్బరిచెట్లు” అన్నాడు. కొబ్బరిచెట్లు అన్నాక ఇంకేం ఆలోచిస్తాం? కోనసీమ!

ముందు రూమ్ దొరకాలి కదా!

బయల్దేరకముందే మొదటి పాఠం. ఒక చిన్న లాడ్జికి ఫోన్ చేస్తే, “ఫారినోళ్లా అండి? వద్దండి బాబూ, మాకెందుకండీ ఆ గొడవ” అని పెట్టేశారు. నిజానికి గొడవేం లేదు. విదేశీయులు ఎవరు దిగినా 24 గంటల్లోగా ఆ వివరాలు ఆన్‌లైన్లో ఇమిగ్రేషన్ వాళ్లకి పంపాలి. హోటళ్ల భాషలో దాన్ని ‘ఫారం సి’ అంటారు. పాస్‌పోర్టు, వీసా కాపీలుంటే పది నిమిషాల పని. కానీ ఆ రిజిస్ట్రేషన్ లేని చిన్న లాడ్జీలు రూమే ఇవ్వవు. మూడో ఫోన్‌కి గోదావరి గట్టు పక్కనే చోటు దొరికింది. విదేశీ ఫ్రెండ్‌ని తీసుకెళ్లాలనుకునేవాళ్లు అడ్వాన్స్ కట్టకముందే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

ధవళేశ్వరంలో నైలు నది

రాజమండ్రి దాకా రైలు. అక్కడి నుంచి వ్యాన్ మాట్లాడుకున్నాం. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు, కోటిపల్లి - నరసాపురం లైను ఇంకా పూర్తి కావాలి.

ధవళేశ్వరం దగ్గర ఆగాం. గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోయేది ఇక్కడే. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టించిన సంగతి, అంతకుముందు ఇక్కడి కరవుల సంగతి చెప్పాను. ఇప్పుడున్నది ఆ తర్వాతి కాలంలో కట్టిన బ్యారేజీ. కాటన్ విగ్రహాలు కోనసీమలో ఊరూరా కనిపిస్తాయి, దండలు కూడా వేస్తారు అంటే బంగ్లాదేశ్ అమ్మాయి నమ్మలేదు. “బ్రిటిష్ ఆయనకా?” అంది. నీళ్లిచ్చినవాడిని ఈ జిల్లా మర్చిపోదు అన్నాను.

ఇథియోపియా ఆయన మాత్రం చాలాసేపు గేట్లనే చూస్తూ నిలబడ్డాడు. వాళ్ల దేశంలో బ్లూ నైల్ మీద 2011లో మొదలైన పెద్ద డ్యామ్ 2025 సెప్టెంబరులో ప్రారంభమైంది. అప్పిచ్చే దేశాలు ముందుకు రాకపోతే జనమే బాండ్లు కొన్నారు, ఉద్యోగులు జీతాల్లోంచి ఇచ్చారు. “మా అమ్మ కూడా కొంది. ఆ కాగితం మా ఇంట్లో ఫ్రేమ్ కట్టి ఉంది” అన్నాడు. అక్కడ్నుంచి గన్నవరం దాకా ఆయన ఆపకుండా ప్రశ్నలే. కాలవ నీళ్లు ఎవరు వదుల్తారు? చివరి పొలానికి అందకపోతే ఎవర్ని అడగాలి? 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారని చెప్తే నోట్‌బుక్ తీశాడు. నీళ్లున్న చోట పంట వేయకపోవడం ఏంటని! గిట్టుబాటు, కూలీలు, మురుగుకాలవలు.. నాకు తెలిసినంత చెప్పాను. తెలియనివి దారిలో టీ కొట్టు దగ్గర రైతులే చెప్పారు.

పి.గన్నవరంలో వైనతేయ పాయ మీదుగా కాలవ దాటే అక్విడక్ట్ ఉంది. కింద నది, పైన కాలవ. కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆవిడ లంకల గన్నవరంలో ఏ వేళకి ఎవరొచ్చినా అన్నం పెట్టింది. కులమేదని అడగలేదు, వేళ కాని వేళ వచ్చావేంటని విసుక్కోలేదు. ఇప్పుడు మన బళ్లలో మధ్యాహ్న భోజన పథకం ఆవిడ పేరు మీదే నడుస్తోంది. వాలంటీరింగ్ అనగానే మనకి టీషర్టు, సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో గుర్తొస్తాయి. సీతమ్మగారికి అవేవీ లేవు.

గునపం దగ్గర గెలిచినవాడు

దిండి మలికిపురం మండలంలో వశిష్ఠ ఒడ్డున ఉంది. చించినాడ వంతెన దాటితే అవతల పశ్చిమగోదావరి. సాయంత్రం హౌస్‌బోట్ ఎక్కాం, అందరిలాగే ఫొటోలు దిగాం. ఆ ముచ్చట మీకు రీల్స్‌లోనే తెలుసు కాబట్టి మర్నాటి సంగతికి వస్తాను.

పొద్దున్నే ఒక తోటలో కొబ్బరి దింపు జరుగుతోంది. నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి కాయ దింపుతారు. దింపు కార్మికులు ఎక్కేది ఒక ఎత్తయితే, కింద ఒలుపు ఇంకో ఎత్తు. నేలలో పాతిన గునపం మీద కాయని గుచ్చి, రెండు మూడు తిప్పుల్లో డొక్క ఊడదీస్తారు. చూడ్డానికి తేలిక. నేను ప్రయత్నిస్తే కాయ కదల్లేదు, అందరూ నవ్వారు.

జాంజిబార్ కుర్రాడు చొక్కా చేతులు మడిచాడు. “మా దగ్గర దీన్ని కిఫువో అంటారు” అంటూ కాయ తీసుకున్నాడు. గుచ్చాడు, తిప్పాడు, డొక్క పక్కన పడింది. ఇంకోటి. ఇంకోటి. ఒలుపు ఆపి చూస్తున్న బాబాయ్ ఒకాయన, “ఓర్నాయనో! ఈ బాబు మనోడేనండి, ఆయ్!” అన్నాడు.

నిజం చెప్పాలంటే, అంతకుముందు అరగంటగా ఆ కుర్రాడి మొహం బాలేదు. రోడ్డు మీద బైకులాపి, అడక్కుండా పక్కన నిలబడి సెల్ఫీలు. ఒకడైతే జుట్టు పట్టుకుని చూశాడు. వాళ్లది చెడ్డ ఉద్దేశం కాకపోవచ్చు. అయినా ఒక మనిషిని వింతగా చూస్తే ఆ మనిషికి ఎలా ఉంటుంది? విశాఖలోనూ రోజూ ఇదే అని తర్వాత చెప్పాడు. గునపం దగ్గరకొచ్చాక మాత్రం ఎవరూ ఫోన్ తీయలేదు. మీ ఊళ్లో కాయ ఎంత, కూలి ఎంత, చెట్టెక్కేవాళ్లు దొరుకుతున్నారా.. అన్నీ పనోళ్ల మాటలే. అక్కడ కూడా కుర్రాళ్లు చెట్టెక్కడం మానేస్తున్నారట. “ఇక్కడా అంతేనండి” అన్నాడు బాబాయ్.

ఆ ఇంటి పెరట్లో కొబ్బరి కోరు చూసి మళ్లీ నవ్వాడు. స్వాహిలీలో దాన్ని ‘ఎంబుజి’ అంటారట. అంటే మేక! మేక మీద కూర్చున్నట్టు కూర్చుని కోరతారు మరి. ఇంటావిడకి ఆ మాట ఎంత నచ్చిందంటే, “ఏమే, ఆ మేకనిలా తే” అని కూతురికి అప్పుడే పురమాయించింది.

అసలు విషయం పీచు దగ్గర దొరికింది. జాంజిబార్‌లో ఆడవాళ్లు డొక్కల్ని సముద్రపు బురదలో నెలల తరబడి పాతిపెట్టి, నానాక తీసి బాది పీచు చేస్తారు. ఇక్కడ మిషన్ అదే పని చేసేస్తుంది. పొట్టుని కూడా పారేయరు, నర్సరీలకి కోకోపీట్‌గా అమ్ముతారు. అతను మిషన్ చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. కరెంటు ఎంత, రిపేరు ఎవరు చేస్తారు, ఎంతమందికి పని అని రాసుకున్నాడు. రాజమండ్రిలో కాయిర్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం ఉందని, అంబాజీపేటలో కొబ్బరి మీద పనిచేసే ఉద్యాన పరిశోధన స్థానం ఉందని తోట రైతే చెప్పాడు. ఆకుల్ని నల్లగా మార్చేస్తున్న సర్పిలాకార తెల్లదోమ మీద అంబాజీపేటలో మిత్రపురుగులు, శిలీంద్రాలతో పనిచేస్తున్నారు. కెరీర్ ఫెయిర్‌లో ఎవరూ ఇవ్వని అడ్రసులు అవి.

మూడు జెండాలు

సాయంత్రం ఏటిగట్టు మీద కూర్చున్నాం. ఇథియోపియా ఆయన తెచ్చుకున్న కాఫీ గింజలు అక్కడే వేయించి కాచాడు. వాళ్ల పద్ధతిలో మూడు విడతలు తాగాలి. అబోల్, తోనా, బరాకా. మూడోది ఆశీర్వాదం, అది తాగకుండా లేవకూడదు. వాసనకి ఇరుగుపొరుగు చేరారు. ఒక మామ్మగారు మొదటి కప్పుకే మొహం చిట్లించి, రెండో దాంట్లో బెల్లం వేయించుకుని, మూడోది అడిగి మరీ తాగారు.

ఆ కబుర్లలోనే బంగ్లాదేశ్ అమ్మాయి అడిగింది, ఇక్కడ తుపాను వస్తే మీకు ఎవరు చెప్తారని. మామ్మగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత 1996 నవంబరు 6 చెప్పారు. “సాయంకాలం గాలి మొదలైందమ్మా. ఇంత అవుద్దని ఎవరూ చెప్పలేదు. తెల్లారి చూస్తే చెట్టన్నది నిలబడి లేదు. మనుషులు కూడా...” ఆ తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు. కోనసీమ కొబ్బరి మళ్లీ కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మాత్రం ముందే ఫోన్లకి మెసేజ్‌లొచ్చాయి, జనాన్ని పునరావాస కేంద్రాలకి తరలించారు.

నేను అనువాదం చేస్తుంటే ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. వాళ్లది కూడా డెల్టానే. 1970 తుపానులో వాళ్ల దేశంలో లక్షలమంది పోయారు. ఆ తర్వాత 1972లో అక్కడ తుపాను వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. ప్రమాదం పెరిగేకొద్దీ ఒక జెండా, రెండు జెండాలు, మూడు జెండాలు ఎగరేస్తారు. మెగాఫోన్ పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. వాళ్లలో ఆడవాళ్లు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నారు, ఎందుకంటే పరాయి మగవాడు వచ్చి పిలిస్తే కొన్ని ఇళ్లలో ఆడవాళ్లు బయటికి రారు.

“ఫోన్ ఛార్జింగ్ అయిపోతే? టవర్ పడిపోతే?” అని అక్కడి కుర్రాళ్లని అడిగింది. ఎవరి దగ్గరా వెంటనే జవాబు లేదు. మట్టిలో పుల్లతో మూడు జెండాలు గీసి ఒక్కోదానికి ఏం చేయాలో చెప్పింది. ముసలివాళ్లున్న ఇళ్లు ఏవో ముందే రాసిపెట్టుకోవాలంది. ఓ డిగ్రీ కుర్రాడు దాన్ని ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మనమే వాళ్లకి ఏదో చూపిస్తామనుకుంటాం. ఆ గట్టు మీద ఆవిడే టీచర్.

మామ్మగారికీ ఆ అమ్మాయికీ ఆ తర్వాత నా అవసరం పెద్దగా లేదు. నారికేళం - నారికేల్, నావ - నౌకా, నది - నొది. మాటలు వాటంతటవే కలిసిపోయాయి.

మీరూ వెళ్లాలంటే

• పాలకొల్లు, నరసాపురం రైల్వేస్టేషన్లు దగ్గర. అక్కడ్నుంచి చించినాడ వంతెన మీదుగా దిండి. రాజమండ్రి నుంచైతే రావులపాలెం, రాజోలు మీదుగా రోడ్డు.

• ఏపీ టూరిజం రిసార్ట్‌తో పాటు ప్రైవేటువీ ఉన్నాయి. విదేశీ ఫ్రెండ్ ఉంటే ఫారం సి సంగతి ముందే అడగండి. పాస్‌పోర్టు, వీసా కాపీలు దగ్గరుంచుకోమనండి.

• కొంచెం ముందుకెళ్తే వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేది, లక్ష్మీనరసింహస్వామి గుడి. తిరుగు ప్రయాణంలో ఆత్రేయపురం పూతరేకులు. బెల్లంవి కొనండి, పంచదారవి కాదు.

• కనుమ రోజున జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఇదే. పదకొండు ఊళ్ల ప్రభలు పొలాలు, కాలవ దాటి భుజాల మీద వస్తాయి.

• ఫొటో తీసేముందు అడగండి. మీ ఫ్రెండ్‌తో ఎవరైనా అడక్కుండా సెల్ఫీ దిగుతుంటే అడ్డుకోవాల్సింది మీరే.

జాంజిబార్ కుర్రాడి కోర్సు ఈ వేసవితో అయిపోతుంది. ఈలోగా అంబాజీపేట వెళ్లాలని, కాయిర్ బోర్డు ఆఫీసుకి వెళ్లి మిషన్ల వివరాలు అడగాలని తిరుగుతున్నాడు. మిషన్ కొనేస్తాడా లేదా అన్నది తర్వాత. వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు నెలలపాటు బురదలో నిలబడే పని కొంచెమైనా తగ్గితే చాలంటాడు. తెలుగులో ఎంత నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే ఇప్పుడు ఒక్కటే జవాబు, అదీ గోదారి యాసలో.

“ఆయ్!”