పదునాలుగు దినాల లెక్క

వైరాగ్యాన్ని బోధించడం సులభం. దానికి సంతకం పెట్టడం కష్టం. రాజమహేంద్రవరంలో ముప్పది ఏండ్లు సంస్కృతం బోధించి విశ్రాంతి పొందిన ఒక అధ్యాపకులకు ఈ సత్యం స్వదేశంలో కాక, స్పెయిన్ దేశంలోని ఒక శిథిల నగరం ఎదుట స్ఫురించింది.

మాడ్రిడ్‌లో ఉద్యోగం చేస్తున్న కుమార్తె ఇంటికి ఆయన వెళ్ళి మూడు వారాలయింది. పైతృక గృహం విషయమై తమ్మునితో తొమ్మిదేండ్లుగా సాగుతున్న వ్యాజ్యంలో రాజీపత్రం ఒకటి ఆయన ఫోనుకు వచ్చి ఉన్నది. పెరటి నూయి, దాని చెంతనున్న మూడు గజాల బాట ఎవరివన్నదే మిగిలిన వివాదం. ఆయన సమాధానం పంపలేదు.

ఒకనాటి ఉదయం తండ్రీకూతుళ్ళు రైలులో కోర్డోబా చేరి, అక్కడికి పడమట సుమారు 8 కిలోమీటర్ల దూరంలోని మదీనా అజ్-జహ్రాకు వెళ్ళారు. సియెర్రా మొరేనా పర్వతపాదాన మూడు అంచెలుగా దిగివచ్చే నగరమది. క్రీ.శ. 929లో తనను ఖలీఫాగా ప్రకటించుకొన్న మూడవ అబ్దుర్ రహ్మాన్ 936 ప్రాంతంలో దీని నిర్మాణానికి పూనుకొన్నాడు. పై అంచెన రాజనివాసం, దాని దిగువ సభామండపాలు, ఉద్యానాలు, అన్నిటికంటె క్రింద పౌరుల ఇండ్లు, మసీదు. ఇంతటి వైభవం ఒక నిండు ఆయుర్దాయమైనా నిలువలేదు. 1010 ప్రాంతంలో అంతఃకలహాలలో నగరం దోపిడికి గురి అయింది. అనంతరం దాని రాళ్ళు ఇతర కట్టడాలకు తరలిపోయాయి. పేరు సైతం మరుగుపడి, జనులు ఆ స్థలాన్ని ‘పాత కోర్డోబా’ అని పిలుచుకొన్నారు. 1911లో తవ్వకాలు ఆరంభమైనవి. నేటికి బయటపడినది సుమారు పదింట ఒక వంతు మాత్రమే.

సభామండపం ఎదుట నేలపై వరుసలుగా పేర్చిన శిలాశకలాలను చూచి ఆయన నిలిచిపోయారు. లతలు, పత్రాలు చెక్కిన తునకలు. వాటిని జతపరచి మరల గోడకు చేర్చే పని దశాబ్దాలుగా సాగుతున్నది.

“ఇన్నింటిలో దేనికేది జతో ఎలా తెలుస్తుంది నాన్నగారూ?” అని కుమార్తె అడిగింది.

“విరిగిన అంచును చూచి తెలుసుకొంటారమ్మా” అన్నారాయన.

ఆ ఖలీఫాను గూర్చి ఒక వృత్తాంతం ప్రసిద్ధం. 912 నుండి 961 వరకు, దాదాపు ఏబది ఏండ్లు ఏలిన ఆ ప్రభువు, తాను నిష్కల్మషమైన సుఖం అనుభవించిన దినాలను వ్రాసి పెట్టుకొన్నాడట. మరణానంతరం చూడగా అవి పదునాలుగే. కుమార్తె ఇది చెప్పినపుడు ఆయన నవ్వలేదు. యముడు ఇవ్వజూపిన రథాలను, దీర్ఘాయువును నచికేతుడు నిరాకరించిన ఘట్టాన్ని ఆయన ఎందరు విద్యార్థులకు బోధించారో! పాఠం చెప్పిన ప్రతి సంవత్సరమూ నచికేతుని పక్షమే వహించారు. కోర్టు వాయిదాకు వెళ్ళిన ప్రతిసారీ మాత్రం యముని పళ్ళెం వైపే చేయి చాచారు.

తిరుగు ప్రయాణపు బస్సులో ఆయన తన దినాలను లెక్కింపసాగారు. గోదావరి రేవులో తమ్మునికి ఈత నేర్పిన వేసవి. ఇద్దరికీ ఒకే పీటమీద జరిగిన ఉపనయనం. అమ్మ ఆ నూతి గట్టున కూర్చుండబెట్టి ఇద్దరికీ తలంటిన దీపావళి. లెక్కకు వచ్చిన దినాలలో తమ్ముడు లేనివి బహు స్వల్పం. తొమ్మిదేండ్ల వ్యాజ్యం నుండి ఒక్కటీ రాలేదు.

రైలు ఎక్కక మునుపే ఆయన ఫోను తీసి వ్రాశారు: “నూయి నువ్వే తీసుకో, తమ్ముడూ. బాట కూడా. పండుగకు వచ్చినపుడు ఒక చేద నీళ్ళు తోడిపెట్టు.”

‘నాది’ అన్న భావం వదలినంత మాత్రాన నూయి ఎక్కడికీ పోదు, నీళ్ళూ మారవు. వదలినవాని దాహమే తీరుతుంది. సమాధానం రావడానికి ముందే ఆయన కిటికీకి తల ఆనించి నిద్రపోయారు. అంత గాఢంగా తండ్రి నిద్రించడం కుమార్తె చాలా ఏండ్లకు చూచింది.