గుమ్మం బయట ఆపా

ఆపా గుంటూరు నుంచి పొద్దున బస్సుకే వచ్చేసింది. చేతిలో ఖీర్ టిఫిను, అంగూర్ పొట్లం, దర్గా పూలు. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. అమ్మీ ఇంతెఖాల్ అయ్యాక నన్ను పెంచింది ఆ చేతులే.

మావాడికి ఏడేళ్లు. లింఫోబ్లాస్టిక్ లుకేమియా. కీమో మొదలై మూడో వారం. వారానికోసారి నరంలోకి విన్‌క్రిస్టిన్, ఆస్పరాజినేజ్ సూదులు, రోజూ స్టెరాయిడ్ గోలీలు, వెన్నులోకి మెథోట్రెక్సేట్. ఇవి చెడ్డ కణాలతోపాటు మంచి తెల్లకణాల్నీ తుడిచేస్తాయి. అప్పుడు మామూలు జలుబైనా జాన్ మీదికి తెస్తుంది. జ్వరం 100.4 తాకిందంటే అర్ధరాత్రైనా ఆసుపత్రికి పరుగే.

ఆపా దగ్గుతోంది.

"ఇయాదత్‌కి వస్తే తలుపేస్తావురా? మేం నజిస్ అయిపోయామా?" అంది. బీమార్‌ని చూసి రావడం సున్నత్ అని నాకు నేర్పింది ఆమే. ఏం చెప్పను? మావాడు కిటికీలోంచి "ఫుప్పూ!" అని చెయ్యూపాడు. ఆ గుండు చూసి ఆపా దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. టిఫిను మెట్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ వారమే ప్లేట్‌లెట్లు పడిపోయాయి. చిగుళ్లలోంచి రక్తం. ఎలా తెలిసిందో, ఇక్కడ చదువుకుంటున్న ఆపా కొడుకు జుమ్మా నమాజ్ అయ్యాక మసీదు దగ్గర కుర్రాళ్లను పోగేశాడు. ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి నిలవుండవు, వంతులవారీగా రావాలి. గుంటూరులో కూర్చుని ఆ వంతుల హిసాబ్ రాసింది ఆపా.

ఆసుపత్రి వరండాలో ఒక సంగతి చదివి ఆపాకి ఫోన్లో చెప్పాను. విన్‌క్రిస్టిన్ వచ్చింది సదాబహార్ నుంచి, అదే మన బిళ్లగన్నేరు. 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లలకిచ్చిన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌కి అక్కలాంటిది, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం తయారుచేసిందే. "ఖబరస్తాన్‌లో పూసే పువ్వేనా?" అంది ఆపా. ఇంకేం మాట్లాడలేదు.

ఇప్పుడు జుట్టు వచ్చింది, బడికీ వెళ్తున్నాడు. ఇలాంటప్పుడే చాలామంది మందు మానేస్తారట. మొత్తం రెండేళ్లకు పైనే నడవాలి: రోజూ రాత్రి మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్. ఇషా అయ్యాక రోజూ ఆపా ఫోను. "గోలీ వేశావా?"

మొన్న మరిచిపోయాను. వేశానని ఝూట్ చెప్పాను. ఫోను పెట్టేసి, నిద్రపోతున్నవాణ్ణి లేపి వేశాను.