సంగటి పొయ్యికి పొగ గొట్టం

"మీ ఇంట్లో గ్యాసుందా?" అని ఎవరన్నా అడిగితే మా ఊరి ఆడవాళ్ళందరం ఉందనే చెప్తాం. అబద్ధం కాదు. 1999లో దీపం పథకం వచ్చిన నాటి నుంచి పల్లెల్లో ఒక్కో ఇంటికీ సిలిండర్లు చేరుతూనే ఉన్నాయి. ఇప్పుడు ఏడాదికి మూడు ఉచితంగా కూడా ఇస్తున్నారు. కానీ ఇంటి వెనక కట్టెల పొయ్యి కూడా ఉందని మాత్రం ఎవరం చెప్పుకోం. ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాగాలన్నా, చుట్టాలొస్తే అన్నం వండాలన్నా, సంగటి కావాలన్నా మాకు అదే దిక్కు.

మాది వేంపల్లె నుంచి ఇడుపులపాయకు పోయే దారిలో ఒక పల్లె. బయటివాళ్ళకు ఇడుపులపాయ అంటే ట్రిపుల్ ఐటీ, వైఎస్సార్ ఘాట్. మాకు మాత్రం కొండ, చీనీ తోటలు, కట్టెల మోపులు. చీనీ చెట్ల ఎండుకొమ్మలు, కందికంప, గట్ల మీది కంపచెట్ల మొద్దులు పైసా ఖర్చు లేకుండా ఇంటికొస్తాయి. అలాంటప్పుడు కాగులో నీళ్ళకు గ్యాసు తగలేయడానికి ఎవరికి మనసొప్పుతుంది?

పైసా ఖర్చు లేదన్నాను కానీ, ఆ ఖర్చు పొగ రూపంలో పడుతుంది. మా వెనక వంటిల్లు పాతకాలపు మట్టిమిద్దె. పైన చిన్న గవాక్షి ఒక్కటే ఉంది. పొగ దాంట్లోంచి పోవాలి. సగం పోతుంది, సగం మా అత్త ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పదహారేళ్ళకు ఈ ఇంటికొచ్చింది, అరవై దాటినా ఆ పొయ్యి ముందే కూర్చుంటుంది. రెండేళ్ళుగా దగ్గు పట్టుకుంది, కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. డాక్టరుకు చూపిస్తే మందులు రాసి, "పొగ దగ్గరికి పోవద్దు" అన్నాడు.

మా ఆయన ఆ రాత్రే తీర్పు చెప్పేశాడు. "రేపు ఆ పొయ్యి పగలగొట్టిస్తా."

అత్త ఏమీ మాట్లాడలేదు. పొద్దున్నే నా దగ్గరికొచ్చి మెల్లగా అనింది. "గ్యాసు మీద సంగటి కెలికితే పొయ్యే కదుల్తాది. అయినా ఆ పొయ్యి కూడా తీసేస్తే ఈ ఇంట్లో నాకేం పనుంటాదమ్మే?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. పొలం కొడుకు చేతికొచ్చింది, డబ్బు లెక్క మామ చూస్తాడు, గ్యాసు వంట నాది. ఆమెకంటూ మిగిలింది ఆ పొయ్యి ఒక్కటే. ఇంట్లోంచి పోవలసింది పొగ గానీ, పొయ్యి ముందు కూర్చున్న మనిషి కాదు కదా అనిపించింది. పొగలేని పొయ్యి కట్టిద్దామని మా ఆయనతో అన్నాను.

పొగలేని పొయ్యి కొత్త విషయమేం కాదు. హైదరాబాదు ఇంజినీరింగు పరిశోధనశాలలో పనిచేసిన ఎస్.పి. రాజు గారు పేదల వంటిళ్ళ కోసం గొట్టం పొయ్యి తయారుచేసి, 1953లో దాని మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. 1983లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా ఇలాంటి పొయ్యిలు పెట్టించే కార్యక్రమం మొదలుపెట్టింది. మూడు కోట్లకు పైగా పెట్టించారు. వాటిలో చాలా పొయ్యిలు ఎక్కువ కాలం నిలవలేదు. ఎందుకో తెలుసుకోవడానికి నాకు పుస్తకాలు అక్కర్లేకపోయింది, మా అత్తే చెప్పింది. ఆమె పుట్టింట్లో కూడా ఒకటి కట్టిపోయారంట. "కట్టినోళ్ళు మా గిన్నె చూడలే. ఆ బొక్కలో మా సంగటి గిన్నె పట్టకపాయె. గొట్టం మసి పట్టి పూడుకుంటే ఎట్ల తీయాలో చెప్పినోళ్ళు లేరు. ఏడాదికే పగలగొట్టి పాత పొయ్యే పెట్టుకున్యాం."

అందుకే ఈసారి మేస్త్రీ రాగానే ముందు గిన్నెలు తెచ్చి వాకిట్లో పెట్టాను. సంగటి గిన్నె ఒకటి, నీళ్ళ కాగు ఒకటి. తర్వాత అత్తను పీట మీద కూర్చోబెట్టి, ఎత్తు ఎంతుంటే ఆమె చేయి ఆడుతుందో చూడమన్నాను. మేస్త్రీ నవ్వాడు. "ఏందక్కా, రైక కుట్టిచ్చినట్ల కొలతలు తీపిస్తాండావు!" నిజంగా అంతే. నిలబడి వండే అరుగు కడితే ఆమెకు పనికిరాదు. సంగటి కెలకడానికి బలం కూర్చుంటేనే వస్తుంది. పిండి పోసినాక తెడ్డుతో ఒత్తి తిప్పేటప్పుడు గిన్నె జరగకూడదు, పొయ్యి అంచు విరగకూడదు. అందుకని అంచు మందంగా పెట్టించాం.

పుట్టమన్ను, ఇసుక, వరిపొట్టు, పేడ కలిపి తొక్కి ఒక రాత్రి నాననిచ్చాం. మొదటి బొక్క సంగటికి, దాని వెనక రెండోది నీళ్ళకు. రెండింటి మధ్య లోపల దారి, వెనక్కి పోయేకొద్దీ కొంచెం పైకి లేస్తుంది. మంట మొదటి గిన్నెను కాల్చి, మిగిలిన వేడి రెండోదాని కిందుగా పోయి, పొగ గొట్టంలోకి ఎక్కుతుంది. గొట్టం నాలుగంగుళాల రేకుది. పిల్లలు తాకితే కాలుతుందని కింద మూడడుగుల దాకా మట్టి మెత్తించాం. మిద్దెకు కొత్తగా బొక్క కొట్టే పని లేకుండా గొట్టాన్ని పాత గవాక్షిలోంచే పైకి తీసి, చుట్టూ సందు పూడ్చి, వాన పడకుండా పైన రేకు గొడుగు పెట్టించాం. పది రోజులు నీడన ఆరనిచ్చి, పగుళ్ళు పూసి, మొదట చిన్న మంటే పెట్టాం.

పొద్దున చక్కగా మండింది. సాయంత్రం మాత్రం పొగంతా వెనక్కి తన్నింది. మేస్త్రీ వచ్చి లోపలంతా చూశాడు గానీ ఏమీ దొరకలేదు. అత్త మిద్దె వైపు చూసి చెప్పింది. "మాపటేల గాలి కొండ మీద నుంచి దిగుతాది. పక్కింటి గోడకు తగిలి మన గొట్టంలోకి మల్లుకుంటాంది. ఆ గోడ కంటే ఎత్తు లేపండి." ఇంకో రెండడుగులు లేపితే సరిపోయింది. నలభై ఏళ్ళుగా ఆ పొగ ఏ వేళకు ఎటు తిరుగుతుందో చూసిన మనిషికి మించిన ఇంజినీరు ఎవరు?

మీలో ఎవరైనా కట్టించుకోవాలనుకుంటే నాలుగు మాటలు. రెండు బొక్కల మీదా గిన్నెలుండాలి. ఒకటి ఖాళీగా వదిలితే పొగ గొట్టంలోకి పోకుండా అక్కడి నుంచే వస్తుంది. కట్టెలు బాగా ఎండాలి, సన్నగా చీల్చాలి. పచ్చికట్టె పెడితే ఏ పొయ్యీ మాట వినదు. పదిహేను రోజులకోసారి గొట్టంలో మసి దులపాలి. మేం పొడుగాటి కర్రకు గోనెపట్టా చుట్టి దులుపుతాం.

పొగ పూర్తిగా పోయిందని చెప్పను. అంటించేటప్పుడు కాస్త వస్తుంది. గ్యాసుతో అయ్యే పని గ్యాసు మీద చేసుకోవడమే మేలు. వంటింటి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్తోంది. అత్త దగ్గు తగ్గింది గానీ మానలేదు. నలభై ఏళ్ళ పొగ నాలుగు నెలల్లో దిగిపోతుందా? కళ్ళ ఎరుపు మాత్రం పోయింది. నీళ్ళు సంగటితో పాటే కాగుతున్నాయి కాబట్టి కట్టెలు కూడా తక్కువ పడుతున్నాయి.

శ్రావణ శనివారం గండి ఆంజనేయస్వామి దర్శనానికి వచ్చిన చుట్టాలు మా ఇంట్లోనే దిగారు. పదిహేను మందికి సంగటి చేసింది మా అత్తే. వచ్చినవాళ్ళందరూ వెనక వంటిల్లు చూసిపోయారు. వారం తిరక్కుండా పక్కింటామె వచ్చి, "పెద్దమ్మా, మాకూ ఇట్లాంటిదే కట్టిచ్చుకోవాలనుంది, మీ మేస్త్రీని పంపుతావా?" అని అడిగింది.

"మేస్త్రీ సంగతి తర్వాత," అనింది అత్త. "ముందు పోయి మీ గిన్నె తీసకరా, చూచ్చాం."