టోపీ తీశాక...

మందమర్రి బొగ్గుబాయిలో రిటైరైన వాళ్లలో చాలామందికి పొద్దున్నే రెండు పనులు. పేపరు చదవడం, దాని మీద మాట్లాడటం. సర్వీసులో ఉన్నన్నాళ్లూ ఆఫీసరు ముందు నోరు మెదపనివాళ్లు కూడా చాయ్ హోటల్ బల్ల మీద ప్రధానమంత్రికి సలహాలిస్తారు. దాన్నెవరూ తప్పుపట్టరు.

అలా మాట్లాడే మనిషి నిన్నటిదాకా పోలీసు అయితే? అదీ సీబీఐ డైరెక్టరు కుర్చీలో కూర్చుని వచ్చినవాడైతే?

మన్నెం నాగేశ్వరరావు కథ అదే. ఆయనదీ గోదావరి ఒడ్డే. ఇప్పటి ములుగు జిల్లా మంగపేట మండలంలోని బోర్ నర్సాపూర్. ఉస్మానియాలో కెమిస్ట్రీ పీజీ, మద్రాస్ ఐఐటీలో పరిశోధన, ఆపైన 1986 బ్యాచ్ ఐపీఎస్. ఒడిశా కేడర్. తొలి పోస్టింగుల్లో ఒకటి తాల్చేరు. సింగరేణి వాళ్లకి ఈ పేరు కొత్తకాదు, సంస్థకి దక్కిన నైనీ బ్లాకు ఆ బొగ్గు క్షేత్రంలోదే. బొగ్గు ఉన్నచోట దొంగబొగ్గూ ఉంటుంది. కుర్ర అధికారికి పాఠాలు అక్కడే మొదలయ్యాయి. ఆ తర్వాత, ఒడిశాలో డీఎన్‌ఏ పరీక్షను దర్యాప్తుకు వాడిన తొలి అధికారుల్లో ఒకరిగా పేరొచ్చింది. కెమిస్ట్రీ ఊరికే పోలేదు!

2018 అక్టోబరు 23 అర్ధరాత్రి... సీబీఐలో డైరెక్టర్ అలోక్ వర్మ, ఆయన తర్వాతి స్థానంలోని రాకేశ్ అస్థానా బాహాటంగా తలపడుతుండటంతో ఇద్దరినీ సెలవు మీద పంపేసింది కేంద్రం. జాయింట్ డైరెక్టరుగా ఉన్న నాగేశ్వరరావు చేతికి తాత్కాలికంగా పగ్గాలొచ్చాయి. నాలుగు నెలలు తిరక్కుండానే, 2019 ఫిబ్రవరి 12న సుప్రీంకోర్టు ఆయన్ని ధిక్కార నేరం కింద తప్పుపట్టింది. ముజఫర్‌పూర్ వసతిగృహం కేసు చూస్తున్న అధికారిని, వద్దన్నా బదిలీ చేశారన్నది అభియోగం. క్షమాపణ చెప్పినా ఒప్పుకోలేదు. లక్ష రూపాయల జరిమానా... కోర్టు లేచేదాకా ఓ మూల కూర్చోమంది. ఎందరినో బోనెక్కించిన శాఖకి పెద్దగా చేసి వచ్చిన మనిషి, రోజంతా ఆ మూలే కూర్చున్నారు.

2020 జులై 31న పదవీ విరమణ. అంతవరకూ ఆగలేదు. ఇంకా యూనిఫాం మీద ఉండగానే, చివరి వారంలో ట్విటర్‌లో మొదలుపెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక హిందూ నాగరికత చరిత్రను వక్రీకరించారన్నారు, తొలి విద్యామంత్రి మౌలానా ఆజాద్‌నీ తప్పుపట్టారు. గుళ్ల మీద ప్రభుత్వ అజమాయిషీ ఎందుకన్నారు. ఈ చివరి ప్రశ్న కొట్టిపారేసేది కాదు. దేవాదాయ శాఖ తాళంచెవి చూసిన ఏ ఊరివాళ్లయినా దాని మీద గంటసేపు వాదించుకోగలరు.

చిక్కు సెప్టెంబరు 11న వచ్చింది. స్వామి అగ్నివేశ్ కన్నుమూశారు. శ్రీకాకుళంలో వేప శ్యామ్‌రావుగా పుట్టి, వెట్టిచాకిరీ మీద జీవితమంతా పోరాడినాయన. నాగేశ్వరరావు పీడ విరగడైందన్నట్టు రాశారు. కాషాయం కట్టిన హిందూ వ్యతిరేకి అన్నారు. ఆయన తెలుగు బ్రాహ్మణుడిగా పుట్టినందుకు సిగ్గుపడుతున్నానన్నారు. యముడు ఇంత ఆలస్యం ఎందుకు చేశాడని ఫిర్యాదూ చేశారు.

చాయ్ బల్ల మీదైతే పక్కవాడు ఆపేవాడు. ‘పోనియ్యన్నా... సచ్చిపోయినోన్ని గట్లంటరా?’ అనేవాడు. ట్విటర్‌లో పక్కవాడు ఉండడు.

2011లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులు ఎత్తుకెళ్లిన ఐదుగురు పోలీసులను విడిపించడానికి అడవికి వెళ్లింది అగ్నివేశే. ఆ ఐదు ఇళ్లలో ఆ ట్వీటు ఎలా వినబడిందో!

ఈసారి తోటివాళ్లే కోప్పడ్డారు. తాను వేసుకున్న యూనిఫాంకే ఆయన మచ్చ తెచ్చారంది ఇండియన్ పోలీస్ ఫౌండేషన్. కుర్ర అధికారుల స్థైర్యం దెబ్బతింటుందని కూడా అంది. నిజానికి ఆ మాటలకి అంత బరువు రావడానికి కారణమూ ఆ యూనిఫామే. అవే మాటలు ఇంకెవరో అనామకుడు రాస్తే ఎవరు పట్టించుకుంటారు?

ఆయన ఖాతాకున్న నీలి టిక్కు కూడా పోయింది. దానికోసం రెండుసార్లు ఢిల్లీ హైకోర్టు మెట్లెక్కారు. 2022 మే నెలలో రెండో పిటిషన్‌ని కొట్టేస్తూ, కోర్టు పదివేలు ఖర్చుల కింద కట్టమంది. రాయడం మాత్రం ఆపలేదు. తర్వాత్తర్వాత బీజేపీనీ వదల్లేదు. గుళ్లను ఇంకా ఎందుకు విడిచిపెట్టలేదని ఆ పార్టీనే నిలదీశారు.