షడ్జం కోసం ఎదురుచూపు

పొద్దుటి నుంచి కంపోజర్ ఆర్వో ప్యార్ట్ 'తబులా రాసా'నే వింటున్నా. ఆల్బమ్‌గా 1984లో వచ్చినా, ఈ కృతి మాత్రం 1977లో జర్మనీలోని బాన్‌లో జరిగిన కచేరీ రికార్డింగు. అప్పటికది పుట్టి కొన్ని నెలలే! లిథువేనియన్ ఛాంబర్ ఆర్కెస్ట్రా వాయించింది. వయొలిన్లు గిడోన్ క్రేమర్, తత్యానా గ్రిందెంకో. పియానో ముందు కూర్చున్నది ఆల్‌ఫ్రెడ్ ష్నిట్కే. తనూ అంత గొప్ప కంపోజరై ఉండి, సాటివాడి కొత్త కృతికి వాద్యకారుడిగా కూర్చున్నాడు చూడండి, అది నాకెంత నచ్చిందో! ఆ పియానో తీగల మధ్య మరలు బిగిస్తారు. మీట నొక్కితే గుడిగంట మోగినట్టుంటుంది. రెండో భాగంలో స్వరాలు ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చి, షడ్జం చేరకుండానే ఆగిపోతాయి. చెవి మాత్రం దానికోసం చూస్తూనే ఉంటుంది. మొదటి భాగం హోరుగా అనిపించినా సగంలో ఆపకండి, దయచేసి రెండోది కూడా వినండి.