ప్రాసెసర్ నిద్ర

ఒక అక్షరం నొక్కి మరొక అక్షరం నొక్కేలోపల మనకు కనురెప్పపాటే. ప్రాసెసర్‌కు అది సుదీర్ఘమైన విరామం. ఆ విరామంలో అది నిద్రించి విద్యుత్తును ఆదా చేయగలదు. కాని ఎంత గాఢంగా నిద్రించాలన్నది ముఖ్యంగా ఆపరేటింగ్ సిస్టమ్ నిర్ణయించవలసిన విషయం. తనకెన్ని నిద్రలున్నవో యంత్రం ముందుగా దానికి తెలుపుకొనాలి.

మెలకువను సి-0 అంటారు. సి-1 కునుకు వంటిది; పిలిచిన వెంటనే లేస్తుంది. ఇంకా లోతుకు పోతే కాష్ ఖాళీ అయి, కొన్ని భాగాలకు విద్యుత్తే ఆగిపోతుంది. ఆదా హెచ్చు, లేవడానికి పట్టే కాలమూ హెచ్చు. మా ఉర్దూ విభాగపు మిత్రులు దీనికి 'గహ్రీ నీంద్' అని పేరు పెట్టారు.

1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు ఎ.సి.పి.ఐ. అనే ప్రమాణాన్ని ప్రకటించాయి. దాని ప్రకారం యంత్రంతో వచ్చే ఒక పట్టికలో సి-2, సి-3 నిద్రల నుండి లేచే కాలాలు ఉంటాయి. సి-2కు 100, సి-3కు 1000 మైక్రోసెకన్లు దాటిన అంకె కనిపిస్తే ఆ నిద్ర లేనట్లే లెక్క. 'లేదు' అనడానికి ఇంత మర్యాదైన పద్ధతి మేము మరెక్కడా చూడలేదు! 2000లో వచ్చిన రెండవ కూర్పులో నిద్రలను జాబితాగా తెలిపే వీలు కలిగింది.

లినక్స్‌లో 2008 నుండి ఈ పనికి ప్రత్యేక విభాగమున్నది. లేవడానికి పట్టే కాలంతోపాటు, నిద్ర గిట్టుబాటు కావడానికి కనీసం ఎంతసేపు పడుకోవాలో కూడా అది లెక్కిస్తుంది. తరువాతి టైమర్ ఎప్పుడు మోగుతుందో దానికి తెలుసు. ఎవరు ఎప్పుడు మీట నొక్కుతారో తెలియదు. అందుచేత గతాన్ని చూచి ఊహిస్తుంది. ఊహ తప్పితే పడుకోవడానికి, లేవడానికి అయిన ఖర్చే మిగులుతుంది.

మా ప్రయోగశాలలో ఒకే రకపు ప్రాసెసర్ గల రెండు యంత్రాలలో ఒకటి ఖాళీగా ఉన్నా వేడెక్కుతూ, ఫ్యాను హోరెత్తేది. లినక్స్ చూపే వివరాలను పరిశీలించాము. చల్లనిదానిలో సి-1 తరువాత మరి మూడు మెట్లున్నవి. వేడిదానిలో సి-1తోనే సరి. బయోస్‌లో గాఢనిద్రల అమరిక మూసి ఉన్నది. సామర్థ్యముండియు చెప్పుకొనే వీలు లేకపోయింది. క్షణమైనా ఆలస్యం సహించని పనులకు కొందరు కావాలనే ఇట్లా మూస్తారు. మన తరగతికి అంత తొందర లేదు.

తెరువబోతే పాస్‌వర్డ్ అడిగింది. అది సరఫరాదారు వద్దనే ఉన్నది. మరి ఆరు యంత్రాలదీ ఇదే స్థితి. కరెంటు పోయినప్పుడు ఇవన్నీ ఇన్వర్టర్ మీదనే నడవాలి కనుక, కమిటీవారు ఆ పాస్‌వర్డ్‌ను వేసవి సెలవులలోపల తెప్పించవలసినదిగా కోరుచున్నాము.