గుత్తి కొండ చుట్టూ ఒక నడక

విహారయాత్ర అనగానే మనలో చాలామందికి సముద్రతీరమో, ఊటీయో, తిరుపతి కొండల చల్లదనమో గుర్తుకు వస్తుంది. అనంతపురం జిల్లా అనగానే మాత్రం కరవు తప్ప మరొకటి గుర్తుకు రాదు. సముద్రం ఇక్కడికి చాలా దూరం. అయినా ఎత్తయిన కొండ అంచుల వెంబడి నడిచి, పచ్చని చేల గట్ల మీదుగా బయలుదేరిన చోటికే తిరిగి రావాలని ఎవరికైనా కోరిక ఉంటే, వారిని మేము గుత్తికి రమ్మంటాము. ఖర్చు తక్కువ, దారి తప్పే భయం లేదు, పిల్లలకు చెప్పవలసిన సంగతులు ఎన్నో ఉన్నాయి.

గుత్తికి రైలు ఉంది. హైదరాబాదు నుండి బెంగుళూరుకు పోయే జాతీయ రహదారి ఊరి పక్కనుండే పోతుంది. దూరం నుండి చూచినవారికి కొండ ఒక్కటిగానే కనబడుతుంది. దగ్గరకు వచ్చాక గాని తెలియదు, అది కొండల గుంపు అని. ఆ కొండలు గుండ్రంగా నిలిచి పాత ఊరిని చేతులతో కౌగిలించుకొన్నట్లు ఉంటాయి. ఒక కొండకూ మరొక కొండకూ మధ్య కోటగోడ పాకుతూ పోతుంది. అన్నిటికన్నా ఎత్తయినది నిలువుగా లేచిన ఒక బండ. దాని శిఖరం సముద్రమట్టానికి 2,171 అడుగులు. చుట్టూ ఉన్న నేల నుండి లెక్కిస్తే దాదాపు వెయ్యి అడుగుల ఎత్తు. ఈ గ్రానైటు రాయి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రం చెబుతుంది. దాని మీద చెయ్యి వేసి నిలబడితే మన డెబ్బై ఎనభై ఏళ్ల ఆయుష్షు ఎంత చిన్నదో తెలిసివస్తుంది.

మేము రెండు కుటుంబాలవాళ్లం కలిసి ఆగస్టు నెలలో ఒక ఉదయం పాత ఊరి నుండి ఎక్కడం మొదలుపెట్టాము. దారి ఒక వాకిలి దాటగానే మరొక వాకిలికి, అది దాటగానే ఇంకొక వాకిలికి మలుపులు తిరుగుతూ పోతుంది. ఈ కోటలో పదిహేను చిన్న కోటలు, పదిహేను వాకిళ్లు ఉన్నాయని చెబుతారు. ఎక్కేకొద్దీ నీడ తగ్గుతుంది. బండల సందుల్లో సీతాఫలం పొదలు, అక్కడక్కడ వేపచెట్లు కనబడతాయి. బండల మీద పాత శాసనాలు ఉన్నాయి. చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలపు కన్నడ శాసనాలు వాటిలో ఉన్నాయి. విజయనగరపు బుక్కరాయల కాలపు ఒక సంస్కృత శాసనం ఈ గుత్తిని కోటలకు రాజు అని పొగిడింది.

పైన కొండ అంచున సున్నంతో నున్నగా కట్టిన ఒక చిన్న మంటపం ఉంది. దానిని మురారిరావు గద్దె అంటారు. మరాఠా నాయకుడైన మురారిరావు ఘోర్పడే అక్కడ కూర్చొని చదరంగం ఆడేవాడనీ, ఊయల ఊగేవాడనీ, ఖైదీలను ఆ అంచు మీదనుండి క్రిందికి తోయిస్తూ చూచేవాడనీ కథ ఉంది. క్రిందికి తొంగిచూస్తే కళ్లు తిరుగుతాయి. పిల్లల చేయి వదలకూడని చోటు ఇది.

అయితే పెద్దలు పిల్లలకు తప్పక చూపించవలసినవి ఆ గద్దెకన్నా నీటి తొట్లు. బండ మీద పడిన వాన చుక్క వృథాగా జారిపోకుండా, పల్లం చూచి తొట్లు తొలిచి, అడ్డుకట్టలు కట్టి నీటిని నిలిపారు. కోటలో నూట ఎనిమిది బావులున్నాయని ఇక్కడివారు చెప్పుకొంటారు. లెక్క ఏదైనా, ఏటి ఊసు లేని ఈ నెత్తిన బండ మీద సిపాయిలు, గుర్రాలు, వంటశాలలు బ్రతికింది ఆ వాననీటి మీదనే.

ఆ నీరే ఈ కోట కథను ముగించింది కూడా. మైసూరు హైదరాలీ దండెత్తి వచ్చి కోటను ముట్టడించాడు. గోడలను బద్దలుకొట్టడం అతనికి సాధ్యం కాలేదు. లోపల నీళ్లు తరిగిపోసాగాయి. మురారిరావు సంధికి ఒప్పుకొని, సొమ్ము మొత్తం చెల్లించేవరకు జామీనుగా ఒక యువకుణ్ణి హైదరు దండులోకి పంపాడట. ఆ యువకుడు భోజనాల దగ్గర మాటల్లో మాటగా, తొట్లలో ఇక మూడు రోజుల నీళ్లే ఉన్నాయని నోరు జారాడట. ఆ మాట హైదరాలీ చెవిని పడింది. సంధి పక్కకు పోయింది, ముట్టడి బిగిసింది. 1776లో కోట లొంగిపోయింది. మురారిరావు ఖైదీగా మైసూరు సీమకు పోయి అక్కడే చనిపోయాడు. పదిహేను వాకిళ్లు కాపాడలేని కోటను మూడు రోజుల నీళ్లు నిర్ణయించాయి!

కొండ దిగితే పాదం దగ్గర తెల్లదొరల పాత సమాధుల తోట ఉంది. 1800లో నిజాము ఈ సీమను కంపెనీకి వదులుకొన్నాక ప్రధాన కలెక్టరుగా వచ్చిన సర్ థామస్ మన్రోను మొదట పాతిపెట్టింది ఇక్కడే. 1807 వరకు ఆయన ఇక్కడ ఊరూరా తిరిగి భూములు కొలిపించి, పన్ను నేరుగా రైతుతోనే తేల్చుకొనే రయత్వారీ పద్ధతిని అమలుపరచాడు. తర్వాత మద్రాసు గవర్నరు అయ్యాడు. స్వదేశానికి పోయేముందు ఈ సీమను మరొకసారి చూడాలని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరా తగిలి మరణించాడు. 1831లో ఆయన అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. పన్ను వసూలు చేసిన దొరే అయినా, రైతు గుడిసె ముందు దిగి మాట్లాడాడన్న పేరు ఆయనకు మిగిలింది. ఒకప్పుడు ఈ ప్రాంతంలో కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు.

సమాధుల తోట దాటాక మా నడక పొలాల్లో పడింది. కొండను ఎడమచేతి వైపు ఉంచుకొని బండ్లబాట వెంట తిరిగితే చాలు, మళ్లీ పాత ఊరికే చేరవచ్చు. ఎర్రనేల. ఎక్కువ భాగం వేరుశనగ, ఇక్కడి మాటలో శెనక్కాయ. నడుమ నడుమ కంది సాళ్లు, ఆముదం. బోరు ఉన్నచోట చీనీ తోట. ఒక చేలో ముసలి దంపతులు కలుపు తీస్తున్నారు. పంట ఎలా ఉందని అడిగాము.

“విత్తినంక వాన మొగం సూడలేదప్పా. ఊడలు దిగే టయానికి ఒక్క పదును పడితే గింజ కండ్ల సూస్తాము. ల్యాకుంటే పశువుల మేతకే” అన్నాడు పెద్దాయన.

పిల్లలు ఏరని మాలో ఒక సోదరి అడిగింది. “ఇద్దరు కొడుకులమ్మా. బెంగుళూరులో కట్టడం పనికి పోయినారు. నెత్తిన ఎండ ఉంది, నీళ్లు తాగి పోండి తల్లీ” అని ఆమె తన కడవలోని నీళ్లు మా చేతికి ఇచ్చింది. ఆ నీళ్లు ఎంత దూరం నుండి మోసుకొచ్చిందో ఆమె చెప్పలేదు. మేము తలా ఒక గుక్క మాత్రమే తాగి కడవ తిరిగి ఇచ్చాము.

ఈ జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాలలో ఇది ఒకటి. పడమటి కనుమలు నైరుతి ఋతుపవనాల మేఘాలను అడ్డుకొంటాయి. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరంలో కురిసి, ఇక్కడికి వచ్చేసరికి అలసిపోతాయి. పడే వాన కూడా కొద్ది రోజులలో ధారగా పడి పోతుంది. పూర్వం చెరువులు ఆ ధారను పట్టి ఉంచేవి. చెరువులు పూడిపోయినచోట బోర్లు వచ్చాయి. ఒకటి ఎండితే పక్కన మరొకటి, అప్పు చేసి ఇంకొకటి. హంద్రీ-నీవా పథకం ద్వారా కృష్ణానీరు 2012లో ఈ జిల్లాలోని జీడిపల్లి జలాశయానికి చేరింది. నీరు అందిన ఊళ్లలో పచ్చదనం వచ్చింది. అందని మెట్టచేలకు ఇప్పటికీ ఆకాశమే దిక్కు.

ఆ చేను గట్టుమీద నిలబడి వెనుకకు తిరిగి చూస్తే కోట మొత్తం కనబడుతుంది. పైన రాతిలో తొలిచిన నీటి తొట్లు, క్రింద తడి లేని సాళ్లు. ఎన్నో ఏళ్ల క్రితం, యంత్రాలు లేనివారు, ఉలి సుత్తులతో చేసిన పనిని మనం మన పొలంలో చేసుకోలేమా అని మాలో మేము చాలాసేపు మాట్లాడుకొన్నాము. చేను వాలుకు అడ్డంగా గట్టు, మూలన ఒక కుంట, ఇంటి కప్పు నీరు దిగే గుంత: ఇవి ఒక్కొక్క కుటుంబం చేసుకోగల పనులు. చెరువు పూడిక తీయడం ఊరంతా కలిసి చేయవలసిన పని.

దారిలో పిల్లలను సంతోషపెట్టిన సంగతి మరొకటి ఉంది. గుత్తి పేరు ప్రపంచంలోని జీవశాస్త్రజ్ఞులకు ఒక సాలీడు వల్ల తెలుసు. నీలమణిలా మెరిసే ఆ పెద్ద సాలీడును మొదట గుత్తి రైల్వే కలప నిలువలలో కనుగొన్నారు; 1899లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. తర్వాత వంద ఏళ్లు అది ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల–గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. దాని అసలు ఇల్లు అదేననీ, కలపతో పాటు రైలెక్కి గుత్తికి వచ్చి ఉంటుందనీ ఇప్పుడు భావిస్తున్నారు. బ్రతుకు తెరువు కోసం రైలెక్కేవారి సీమలో ఈ కథ విని పెద్దలు కూడా నవ్వుకొన్నారు.

వెళ్లదలచినవారికి కొన్ని సూచనలు. జూలై నుండి జనవరి వరకు మంచి కాలం. మార్చి దాటాక బండ కాలిపోతుంది. తెల్లవారగానే బయలుదేరితే కొండ ఎక్కి దిగి, చుట్టు తిరిగి మధ్యాహ్న భోజనానికి ఊరు చేరవచ్చు. మనిషికి రెండు సీసాల నీళ్లు తప్పనిసరి. వానకు తడిసిన బండ జారుతుంది, చెప్పులు గట్టివి వేసుకోండి. కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది. గోడల మీద పేర్లు గీయకుండా పిల్లలను చూచుకోండి. చేలలో నడిచేటప్పుడు గట్టు దిగకండి, కలుపు తీసేవారిని పలకరించకుండా దాటిపోకండి.

వీలైతే మీ ఊరి యువకులను కూడా వెంట తీసుకొని వెళ్లండి. కొండ మీది తొట్ల దగ్గర కాసేపు కూర్చోండి. తిరిగి వచ్చిన తర్వాత మీ ఊరి చెరువు కట్ట మీదికి ఒకసారి నడిచి, తూము ఏ స్థితిలో ఉందో అందరూ కలిసి చూడండి.